ప్రమాదకర సరుకుల గిడ్డంగి: మందుగుండు కొట్టు నుండి కంప్యూటరు వరకు

మార్కాపురము అనగానే తెలుగువారికి పలక జ్ఞప్తికి వచ్చును. నల్లమల కొండల తూర్పు అంచున, భూగర్భ శాస్త్రజ్ఞులు కంభము శ్రేణి అని పిలుచు పురాతన శిలలలో, ఈ పలకరాయి పొరలు పొరలుగా ఉన్నది. గునపముతోను ఉలితోను ఆ పొరలను నేర్పుగా చీల్చి, కోసి, నునుపుచేసి, చెక్క చట్రములో బిగించినచో అది బడిపిల్లవాని పలక అగును. కొన్ని తరముల తెలుగు పిల్లలు ఆ పలకల మీదనే ఓనమాలు దిద్దుకొనిరి.

పలక మీద వ్రాసినదానిని ఎప్పుడైనను తుడిచివేయవచ్చును. అక్షరములు నేర్చుకొను పిల్లవానికి అది సౌకర్యమే. కాని తుడిచివేయరాని లెక్కలు, తప్పు వ్రాయరాని లెక్కలు కొన్ని లోకములో ఉన్నవి. పేలుడుమందు, పెట్రోలు, వంటగ్యాసు, క్లోరిన్, ఆమ్లములు, పురుగుమందులు మొదలైనవానిని నిలువచేయు గిడ్డంగి లెక్క అట్టిది. ఏ సరుకు ఎంత ఉన్నది? ఏ చోట ఉన్నది? దాని ప్రక్కన ఏమున్నది? ఎప్పటినుండి ఉన్నది? ఈ నాలుగు ప్రశ్నలకు సమయమునకు జవాబు దొరకనందున ప్రపంచములో వేలమంది ప్రాణములు కోల్పోయిరి.

నేడు పెద్ద గిడ్డంగులలో ఈ లెక్కను కంప్యూటరు చేయుచున్నది. గోడలతోను తాళములతోను మొదలైన ఈ విద్య కంప్యూటరు వరకు ఏ విధముగా వచ్చినదో, వచ్చిన తరువాత కూడ మనుష్యుని మీద ఎంత భారము మిగిలియున్నదో ఈ వ్యాసములో పరిశీలింతము.

మన ఇరుగుపొరుగున జరిగినవి

ఇది ఎక్కడో ఓడరేవులకును మహానగరములకును సంబంధించిన విషయమని అనుకొనరాదు. 2021 మే 8వ తేదీన, గిద్దలూరు ప్రాంతమునకు పొరుగున ఉన్న కడప జిల్లా కలసపాడు మండలములో, మామిళ్ళపల్లె వద్ద ఒక గనికి తెచ్చిన జిలెటిన్ కడ్డీలను వాహనము నుండి దింపుచుండగా అవి పేలినవి. పదిమంది మరణించిరి. వారు కూలిపనికి వచ్చినవారే. గనిలో రాతిని పగులగొట్టవలసిన శక్తి గని ముంగిటనే మనుష్యుల మీద విరుచుకుపడినది.

మరుసటి సంవత్సరము, 2022 సెప్టెంబరు మొదటి దినములలో ఒక రాత్రి, కొమరోలు మండలములోని దద్దవాడ వద్ద అనంతపురము-గుంటూరు రహదారి మీద వంటగ్యాసు సిలిండర్ల లారీ అంటుకొన్నది. అందులో మూడువందలకు పైగా సిలిండర్లు ఉన్నవి. వానిలో వంద దాకా ఒకదాని తరువాత ఒకటి పేలినవి. అదృష్టవశమున ప్రాణనష్టము కలుగలేదు.

సిలిండరు ఎందుకు పేలునో విద్యార్థులు గమనింపవలెను. దానిలో ఉన్నది ఒత్తిడిచేత ద్రవముగా మారిన వాయువు. బయటి మంట వేడికి ఆ ద్రవము సలసల కాగి లోపలి ఒత్తిడిని పెంచును. అదే సమయమున ఉక్కు గోడ వేడెక్కి బలహీనపడును. ఈ రెండును కలిసినచోట సిలిండరు బ్రద్దలగును. ద్రవము వాయువుగా మారునప్పుడు ఘనపరిమాణము సుమారు 250 రెట్లు పెరుగును. ఆ వాయువు గాలితో కలిసి, అంటుకొని అగ్నిగోళమగును. ఆ మంట ప్రక్క సిలిండరును వేడిచేయును. అందుచేత ఒక సిలిండరుకు ప్రమాదము దాని లోపల ఉన్న వస్తువు వలననే గాక, దాని ప్రక్కన ఉన్న వస్తువు వలన కూడ కలుగునని తేలుచున్నది. గిడ్డంగి శాస్త్రమునకు ఇదియే మొదటి పాఠము.

కొండను తొలిచిన రోజులు

పశ్చిమ ప్రకాశమునకు పేలుడుమందుతో పరిచయము క్రొత్తది కాదు. 1880 దశకములో బళ్ళారి-కృష్ణా స్టేట్ రైల్వే అను పేరుతో గుంతకల్లు నుండి కృష్ణాతీరము వరకు మీటరుగేజి మార్గమును వేసిరి. నంద్యాల దాటిన తరువాత ఆ మార్గము నల్లమల కొండలను ఎక్కి గిద్దలూరు వైపునకు దిగవలెను. బొగద సొరంగము, దొరబావి వంతెన ఆ నాటివే. యంత్రములు లేని ఆ కాలమున కొండరాతిని తొలచుటకు సుత్తి, ఉలి, పేలుడుమందు తప్ప మరియొక సాధనము లేదు. రాతిలో రంధ్రము చేసి, మందు దట్టించి, వత్తి అంటించి దూరముగా పరుగెత్తుట పనివారి నిత్యకృత్యము. అట్టి పని జరుగుచోట పేలుడుమందును ఎండకు, వానకు, దొంగలకు, నిప్పురవ్వకు అందకుండ దాచవలెను గదా!

సరిగా ఆ కాలముననే, 1884లో, భారత పేలుడు పదార్థముల చట్టము పుట్టినది. 1898లో దాని అమలునకు ప్రత్యేక శాఖ ఏర్పడినది. నేడు నాగపురము కేంద్రముగా పనిచేయుచున్న పెట్రోలియం మరియు పేలుడు పదార్థముల భద్రతా సంస్థకు అదే మూలము. అయితే చట్టమునకు కారణమైన అనుభవము ఇంగ్లాండులో కలిగినది.

ఒకే పడవలో రెండు సరుకులు

1874 అక్టోబరు 2వ తేదీ తెల్లవారుజామున లండను నగరములోని రీజెంట్స్ కాలువ మీద టిల్బరీ అను పడవ పోవుచుండెను. దానిలో సుమారు 5 టన్నుల తుపాకిమందు ఉన్నది. దానితోపాటు పెట్రోలియము పీపాలును ఉన్నవి. పీపాల నుండి వెలువడిన ఆవిరి పడవలోని నిప్పునకు అంటుకొన్నది. మంట మందునకు చేరినది. పడవ, అందలి ముగ్గురు మనుష్యులు, పైనున్న వంతెన ఒక్కమారుగా నాశనమైనవి. మందును మందుగాను, నూనెను నూనెగాను వేరువేరు పడవలలో పంపినచో ఆ ప్రమాదమే లేదు.

ఈ దుర్ఘటనపై విచారణ జరిపిన వివియన్ మజెండీ అను అధికారి కృషి ఫలితముగా 1875లో బ్రిటిషు చట్టము వచ్చినది. భారతదేశపు 1884 చట్టము దాని బాటనే నడిచినది.

తుపాకిమందులో ఏమున్నది? సురేకారము, గంధకము, బొగ్గు. మండుటకు ఇంధనము, ఆక్సిజను, వేడి అను మూడును కావలెనని మనము తరగతిలో చదువుకొందుము. కట్టెకు కావలసిన ఆక్సిజను గాలిలో నుండి వచ్చును. తుపాకిమందునకు అది సురేకారములోనే ఉన్నది. కావున గాలి తగులకుండ మూసినను అది మండును. మూసినచో మరింత తీవ్రముగా పేలును. ఇట్లు తనలో ఆక్సిజనును దాచుకొని ఇతర వస్తువులకు అందించు పదార్థములను ఆక్సీకరణులు అందురు. అమోనియం నైట్రేటు, పొటాసియం పర్మాంగనేటు, బ్లీచింగు పొడి ఈ జాతివి. ఆక్సీకరణిని, ఇంధనమును ఒకే గదిలో ఉంచుటయనగా త్రిభుజములో రెండు భుజములను గీసి మూడవదానికి ఎదురుచూచుట అన్నమాట.

దూరమే గోడ

చట్టము వచ్చిన తరువాత మందుగుండు కొట్టు కట్టుటలో కొన్ని నియమములు స్థిరపడినవి. దీనినే గనులవద్ద మ్యాగజైను అందురు. కొట్టు ఊరికి దూరముగా ఉండవలెను. దానిపై పిడుగును భూమిలోనికి దింపు కడ్డీ ఉండవలెను. లోపల నిప్పురవ్వ రాల్చు ఇనుప పనిముట్లు, మేకుల చెప్పులు పనికిరావు. జిలెటిన్ వంటి పేలుడుమందును, దానిని పేల్చు డిటొనేటర్లను ఒకే గదిలో ఉంచరాదు. జిలెటిన్ సామాన్యముగా చిన్న దెబ్బకు పేలదు; డిటొనేటరు చిన్నదైనను సులభముగా పేలును. ఒకటి బలము గలది, రెండవది తొందర గలది. ఈ రెంటిని ఎడముగా ఉంచుటయే రక్షణ.

కొట్టు ఎంత దూరమున ఉండవలెనో నిర్ణయించుటకు చక్కని గణితసూత్రము కలదు. పేలుడు గాలి అల తీవ్రత ఒకే స్థాయికి తగ్గు దూరము, మందు బరువుయొక్క ఘనమూలమునకు అనులోమానుపాతములో ఉండును. 1,000 కిలోల ఘనమూలము 10. 8,000 కిలోల ఘనమూలము 20. అనగా సరుకు ఎనిమిది రెట్లు పెరిగినచో కావలసిన దూరము రెండు రెట్లు మాత్రమే పెరుగును. 27,000 కిలోలకు మూడు రెట్లు. దీని నుండి రెండు సంగతులు గ్రహింపవచ్చును. మొదటిది, దూరము గొప్ప రక్షకుడు. రెండవది, దూరము నిర్ణయించుటకు బరువు నిజముగా తెలిసియుండవలెను. 1,000 కిలోలని పుస్తకములో వ్రాసి 8,000 కిలోలు దాచిన కొట్టునకు, లెక్కప్రకారము విడిచిన దూరము సగమే అగును. ప్రక్క ఇంటివాడు తాను సురక్షితుడనని తలచి నిద్రించుచుండును. కాని అతడు సురక్షితుడు కాడు.

ఈ విధముగా కొట్టు భద్రత గోడ నుండి దూరమునకు, దూరము నుండి పుస్తకమునకు వచ్చినది. మన వర్తకులు ఏనాటినుండియో చిట్టా, ఆవర్జా వ్రాయుచున్నారు. చిట్టాలో ఆనాటి రాకపోకలు, ఆవర్జాలో ఖాతావారీ నిలువ. లాభనష్టములకై పుట్టిన ఈ పద్ధతియే పేలుడుమందు కొట్టులో ప్రాణరక్షణ సాధనమైనది.

పత్తిబేళ్ళు, ఫిరంగి గుండ్లు

లెక్క ఉన్నంతమాత్రమున చాలదని 1944లో బొంబాయి ఓడరేవు చూపినది. ఫోర్ట్ స్టికిన్ అను ఓడ ఇంగ్లాండు నుండి సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రితోను, బంగారపు కడ్డీలతోను బయలుదేరినది. కరాచీలో దానిలోనికి వేలకొలది పత్తిబేళ్ళు, నూనె మొదలైనవి ఎక్కించిరి. యుద్ధకాలము, ఓడలు తక్కువ, సరుకు ఎక్కువ. పత్తి ఎంత సులభముగా రాజుకొనునో, రాజుకొన్న బేలు లోలోపల ఎంతసేపు కాలుచుండునో మార్కాపురము రైతుకు ఎవరును చెప్పనక్కరలేదు.

ఏప్రిలు 14వ తేదీ మధ్యాహ్నము ఓడ రెండవ అరలో పొగ కనబడినది. ఓడను అక్కడనే ముంచవలెనా, సముద్రములోనికి లాగవలెనా అను విషయము తేలకముందే కాలము గడిచిపోయినది. సాయంకాలము 4 గంటల 6 నిమిషములకు మొదటి పేలుడు, సుమారు అరగంటకు రెండవది సంభవించినవి. ఓడరేవు, దాని చుట్టునున్న పేటలు తగులబడినవి. ఎనిమిది వందలకు పైగా మరణించిరి.

ఆ ఓడలో ఏమున్నదో కాగితముల మీద ఉన్నది. కాని ఏ సరుకు దేని ప్రక్కన ఉండరాదు అను ప్రశ్నను ఎక్కించునప్పుడు పట్టుపట్టి అడిగిన వ్యవస్థ లేకపోయినది. నిప్పు అంటుకొన్న తరువాత ఆ కాగితములోని సంగతి నిర్ణయము తీసికొనవలసినవారికి ఆజ్ఞగా మారలేదు.

నాలుగంకెల పేరు

రెండవ ప్రపంచయుద్ధము తరువాత రసాయన వాణిజ్యము మిక్కిలిగా పెరిగినది. ఒకే పదార్థమునకు ఒక్కొక్క దేశములో ఒక్కొక్క పేరు. ఒకే పీపాకు ఒక్కొక్క రేవులో ఒక్కొక్క నియమము. దీనిని సరిచేయుటకు ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘము 1956లో ప్రమాదకర సరుకుల రవాణాపై తన సిఫార్సులను ప్రకటించినది. 1965లో సముద్ర రవాణాకు అంతర్జాతీయ నియమావళి వచ్చినది. నేడు వాడుకలో ఉన్న విభజనప్రకారము ప్రమాదకర సరుకులు తొమ్మిది తరగతులు: పేలుడు పదార్థములు, వాయువులు, మండు ద్రవములు, మండు ఘనపదార్థములు, ఆక్సీకరణులు, విషములు, రేడియోధార్మిక పదార్థములు, కొరుకు ద్రవ్యములు, తక్కినవి.

ప్రతి పదార్థమునకు నాలుగంకెల సంఖ్య ఒకటి ఇచ్చిరి. పెట్రోలు 1203. వంటగ్యాసు 1075. క్లోరిన్ 1017. అమోనియం నైట్రేటు 1942. రహదారి మీద పోవు పెట్రోలు ట్యాంకరు వెనుక ఉన్న పలకను విద్యార్థులు ఈసారి శ్రద్ధగా చూచినచో ఈ సంఖ్య కనబడును. డ్రైవరు ఏ భాషవాడైనను, అగ్నిమాపకుడు ఏ రాష్ట్రమువాడైనను ఆ అంకెలు ఒక్కటే. తరువాతి కాలములో కంప్యూటరు ఈ సరుకులను గుర్తుపట్టగలుగుటకు ఈ నాలుగంకెల పేరే పునాది అయినది.

మన రైల్వేలకు ఈ విషయములో తమదైన గ్రంథమొకటి ఉన్నది. రెడ్ టారిఫ్ అని దానిని పిలుతురు. ఏ ప్రమాదకర సరుకును ఎట్లు కట్టవలెను, దేనితో కలిపి ఎక్కింపరాదు, వ్యాగను మీద ఏ గుర్తు అంటింపవలెను అను నియమములు దానిలో ఉన్నవి. పేలుడు సామగ్రి గల వ్యాగనునకును ఇంజనుకును నడుమ వేరు వ్యాగనులు ఉండవలెనని రైల్వే నిబంధన. స్టేషనులో గూడ్సు గుమాస్తా ఈ నియమములను పుస్తకము తిరగవేసి చూచి సరుకును ఒప్పుకొనెడివాడు. అతడు ఒక విధముగా నేటి సాఫ్ట్‌వేరు చేయుపనినే చేతితో చేసినాడు.

భోపాలు తరువాత

1984 డిసెంబరు 2వ తేదీ అర్ధరాత్రి భోపాలులో సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేటు నిలువ ఉన్న తొట్టిలోనికి నీరు చేరినది. రసాయన చర్యవలన పుట్టిన వేడితో విషవాయువు ఊరిమీద పడినది. వేలమంది మరణించిరి. అంత విషమును అంత పెద్దమొత్తములో నిలువచేయవలసిన అవసరమేమి అను ప్రశ్న ఆనాడు ప్రపంచమంతట వినబడినది. తమ ప్రక్కన ఏమున్నదో ఆ ఊరివారికి తెలియకపోవుట రెండవ నేరము.

దీని ఫలితముగా 1989లో ప్రమాదకర రసాయనముల తయారీ, నిలువ, దిగుమతి నిబంధనలు మనదేశములో వచ్చినవి. ప్రతి రసాయనమునకు కొన్ని పరిమాణపు హద్దులు నిర్ణయింపబడినవి. ఉదాహరణకు క్లోరిన్ విషయములో ఆ హద్దులు 10 టన్నులు, 25 టన్నులు. నిలువ హద్దు దాటినకొలది యజమాని బాధ్యతలు పెరుగును. ప్రతి రసాయనమునకు భద్రతా వివరపత్రము ఉండవలెనని కూడ ఆ నిబంధనలు చెప్పినవి. అమెరికాలో 1986లో తమ ఊరిలో ఏ రసాయనములు ఉన్నవో తెలిసికొను హక్కును ప్రజలకు ఇచ్చు చట్టము చేసిరి. కామియో అను కంప్యూటరు కార్యక్రమమును అగ్నిమాపకుల కొరకు ఆ దశకములోనే రూపొందించిరి. రెండు రసాయనములు కలిసినచో ఏమగునో ముందుగా చెప్పుట దాని పనులలో ఒకటి.

కంప్యూటరు ఏమి చేయును?

1974 జూన్ 26వ తేదీన అమెరికాలోని ఒక దుకాణములో మొదటిసారిగా బార్ కోడు గల వస్తువును యంత్రము చదివినది. సరుకు తన పేరును తానే చెప్పుకొను కాలము వచ్చినది. మనదేశములో రైల్వే సరుకు రవాణా సమాచారమును కంప్యూటరులో నడుపు లక్ష్యముతో 1986లో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రము ఏర్పడినది. పేలుడు పదార్థముల లైసెన్సుదారులు కూడ తమ నెలవారీ లెక్కలను నేడు కంప్యూటరు ద్వారా పంపుచున్నారు.

గిడ్డంగి సాఫ్ట్‌వేరులో మాయ ఏమియు లేదు. ప్రతి పెట్టెకు ఒక పుట. ఆ పుటలో దాని సంఖ్య, తరగతి, బరువు, వచ్చిన తేదీ, గడువు తేదీ, ఓర్వగల ఉష్ణోగ్రత, ఉన్న వరుస, అర. క్రొత్త పెట్టె రాగానే కంప్యూటరు నాలుగు పరీక్షలు చేయును.

మొదటిది పొత్తు పరీక్ష. ఈ వస్తువు ప్రక్క అరలోని వస్తువుతో పొసగునా? తొమ్మిది తరగతులలో జతలు 36 మాత్రమే. మంచి గుమాస్తా వానిని గుర్తుంచుకొనగలడు. కాని గిడ్డంగిలో 200 రసాయనములు ఉన్నచో జతలు ఎన్ని? 200ను 199చే గుణించి 2చే భాగించినచో 19,900. ఇన్ని జతలను ఏ గుమాస్తాయు మనస్సులో ఉంచుకొనలేడు. కంప్యూటరునకు ఇది క్షణములో పని. ఆమ్లము ప్రక్కన బ్లీచింగు పొడిని పెట్టబోయినచో క్లోరిన్ పుట్టునని హెచ్చరించి, వేరు అరను చూపును.

రెండవది మొత్తపు పరీక్ష. ఒక పదార్థము దాని హద్దులో సగము, మరియొకటి దాని హద్దులో మూడింట రెండువంతులు ఉన్నవనుకొందము. విడివిడిగా చూచినచో రెండును హద్దులోపలనే ఉన్నవి. కాని సగమును, మూడింట రెండువంతులను కలిపినచో ఆరింట ఏడువంతులగును; ఒకటి దాటినది. ఐరోపాలోని నిబంధనలలో ఈ కూడిక పద్ధతి ఉన్నది. గుమాస్తా కన్నుతప్పు చోటు ఇదియే; యంత్రము మాత్రము ప్రతి రాకకు, పోకకు ఈ కూడికను మరల చేయుచుండును.

మూడవది వయస్సు పరీక్ష. కొన్ని పదార్థములు మూలనబడి ముసలివైనకొలది అపాయకరములగును. తడిగా ఉంచవలసినది ఆరిపోవును. కలిపియుంచిన నిరోధకద్రవ్యము తరిగిపోవును. ముందు వచ్చినది ముందు పోవలెనను నియమమును కంప్యూటరు అమలు జరుపును.

నాలుగవది ఆపత్కాలపు జాబితా. గిడ్డంగి తగులబడినచో అందులోని పుస్తకమును తగులబడును. కంప్యూటరు లెక్క మరియొక ఊరిలో కూడ ఉండవచ్చును. మంటలవద్దకు వచ్చిన అగ్నిమాపకుడు లోనికి పోకముందే అక్కడ ఏమున్నదో చూచుకొనగలడు. ఈ ఒక్క ప్రయోజనమునకే ఈ యంత్రమునకు నమస్కరింపవచ్చును.

యంత్రము చూడలేనిది

ఇన్ని సాధనములు వచ్చిన తరువాత కూడ ప్రమాదములు ఏల జరుగుచున్నవి? 2015 ఆగస్టు 12వ తేదీన చైనాలోని తియాంజిన్ రేవులో, వయస్సు పరీక్ష తప్పినది. ఒక ప్రమాదకర సరుకుల గిడ్డంగిలో తడి ఆరిపోయిన నైట్రోసెల్యులోజు తనంతట తానే వేడెక్కి మండినది. ఆ మంట అమోనియం నైట్రేటునకు చేరినది. 165 మంది మరణించిరి. 8 మంది జాడ తెలియలేదు. మృతులలో 99 మంది అగ్నిమాపక సిబ్బంది. లోపల ఏమున్నదో సరిగా తెలియకయే వారు మంటలకు ఎదురువెళ్ళిరి.

2020 ఆగస్టు 4వ తేదీన బేరూతు రేవులో లెక్క ఉన్నది. 2,750 టన్నుల అమోనియం నైట్రేటు 12వ గిడ్డంగిలో ఉన్నదని కాగితములు చెప్పుచునే ఉన్నవి. 2013లో వచ్చిన ఓడ నుండి దింపిన ఆ సరుకును గురించి అధికారులు ఉత్తరములు వ్రాసికొనుచునే ఉండిరి. దానిని కదల్చినవారు లేరు. రెండువందలమందికి పైగా చనిపోయిరి.

ఆ వార్త వినగానే మనదేశములో కూడ లెక్కలు తిరగవేసిరి. చెన్నై సమీపమున మణలి కంటెయినరు కేంద్రములో, 2015లో సుంకశాఖ పట్టుకొన్న 740 టన్నుల అమోనియం నైట్రేటు 37 కంటెయినర్లలో ఐదేండ్లుగా పడియున్నది. మిగిలియున్న 697 టన్నులను ఈ-వేలములో హైదరాబాదుకు చెందిన ఒక పేలుడుపదార్థముల సంస్థ కొనగా, ఆ ఆగస్టు నెలలోనే లారీల మీద తరలింప నారంభించిరి. ఐదేండ్లు కదలని సరుకు, భయము పుట్టగానే కొద్దిరోజులలో కదలినది. లెక్క అంతకుముందును ఉన్నది. చదివి లేచినవారు అప్పుడు మాత్రమే ఉండిరి.

అదే సంవత్సరము మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణములో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టి నుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది ప్రాణములు తీసినది. స్టైరీను తనలో తాను కలిసి గట్టిపడుచు వేడిని పుట్టించును. దానిని అడ్డుటకు నిరోధకద్రవ్యమును కలిపి, చల్లగా ఉంచవలెను. ఉష్ణోగ్రతను కొలుచు ఏర్పాటు తొట్టి అడుగుభాగమున ఉన్నదనియు, పైభాగపు వేడి తెలియలేదనియు ప్రభుత్వ ఉన్నతస్థాయి సంఘము తేల్చినది. వేడి ద్రవము తేలికయై పైకి చేరునని మన విద్యార్థులు ఎనిమిదవ తరగతికి రాకముందే చదువుదురు. అడుగున చల్లగా ఉన్నదని చెప్పు ఉష్ణమాపని అబద్ధమాడలేదు. దానిని పెట్టినచోటు తప్పు. దానికి ఎంత గొప్ప కంప్యూటరును తగిలించినను అది అడుగు సంగతినే చెప్పును.

మామిళ్ళపల్లె సంగతి ఇప్పుడు మరల తలచుకొందము. కొట్టులో ఉన్నంతవరకు సరుకునకు లెక్క ఉన్నది. గనిలో పేల్చిన తరువాత లెక్క ఉన్నది. ఈ రెంటి నడుమ, వాహనము నుండి మనుష్యుల చేతులలోనికి దిగు కొన్ని నిమిషములు ఏ పుస్తకములోను కనబడవు. దించునప్పుడు చుట్టును ఎందరు ఉండవచ్చును, ఏ వస్తువుతో కలిపి తెచ్చినారు, ఎవరు పర్యవేక్షించుచున్నారు అను ప్రశ్నలు సాఫ్ట్‌వేరులోనికి ఎక్కింపవచ్చును; కాని వానికి జవాబు వ్రాయువాడు అక్కడ నిలిచి కన్నులతో చూచినవాడై ఉండవలెను. చూడకుండ అన్ని గడులలోను సరి అని గుర్తుపెట్టినచో యంత్రము ఆ అసత్యమును మిక్కిలి శుభ్రముగా అచ్చువేసి ఇచ్చును.

బడిలోని బీరువా

ఉపాధ్యాయులకు ఒక్క మనవి. మన పాఠశాల ప్రయోగశాలలోని బీరువా కూడ చిన్న గిడ్డంగియే. సీసాలను అక్షరక్రమములో సర్దుట చూచుటకు ముచ్చటగా ఉండును. కాని అట్లు సర్దినచో అమోనియం నైట్రేటు ప్రక్కకు అసిటోను చేరును. ఆక్సీకరణి చెంతకు ఇంధనము వచ్చును. అక్షరములు స్నేహము చేసినను ఆ పదార్థములు స్నేహము చేయవు. ఆమ్లములు ఒకచోట, ఆక్సీకరణులు మరియొకచోట, మండు ద్రవములు వేరొకచోట ఉండవలెను. సీసా మీద పేరు, తెచ్చిన తేదీ ఉండవలెను. పేరు చెరిగిపోయిన సీసాను ఊహించి వాడరాదు. దానిని వేరుగా తీసి, విషయము తెలిసినవారి చేత తొలగింపజేయవలెను.

విద్యార్థులతో ఒక పూట ఈ పని చేయించినచో, పెద్ద గిడ్డంగులలో కంప్యూటరు చేయు పొత్తు పరీక్షను వారు తమ బుద్ధితో చేసినవారగుదురు. దానికి కంప్యూటరు అక్కరలేదు. బీరువా తలుపునకు ఒక మార్కాపురపు పలకను తగిలించి, లోపల ఉన్నవానిని దానిమీద వ్రాసిన చాలును. ఒక సీసా తీసిన రోజున ఒక పంక్తి తుడువవలెను. ఒక సీసా చేరిన రోజున ఒక పంక్తి వ్రాయవలెను. పలక మీద ఉన్నదియు బీరువాలో ఉన్నదియు ప్రతి దినము ఒక్కటే అయి ఉండవలెను.